బస్తరు నుంచి విదేశీ చదువుకు

జగదల్‌పూర్ బ్రాంచిలో పనిచేసిన మూడేళ్లలో నా టేబుల్ ముందు కూర్చుని తెలుగులో మాట్లాడినవాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "సార్, మా అమ్మాయికి సీటొచ్చింది, లోను ఎంతొస్తుంది?" అమ్మాయి స్థానంలో ఒక్కోసారి అబ్బాయి ఉండేవాడు. అమెరికా స్థానంలో కెనడానో, జర్మనీయో, కిర్గిజిస్తానో ఉండేది. ప్రశ్న మాత్రం మారలేదు. ఎంతొస్తుందన్నదానికి జవాబు సులువే, సర్క్యులర్ తీస్తే దొరుకుతుంది. ఆ అప్పు ఎప్పటినుంచి కట్టాలి, ఎవరి జీతంలోంచి కట్టాలి, పిల్ల అక్కడ మొదటి ఆరు నెలలు ఎలా ఉంటుంది అన్నవి అడిగినవాళ్లు తక్కువ. మన బ్యాంకు కుటుంబాలవాళ్లూ అంతే. ఊరందరి లెక్కలూ చూసే మనం సొంతింటి లెక్క దగ్గర కాస్త తడబడతాం. అందుకే ఈ వ్యాసం.

ముందుగా బస్తరు సంగతి నాలుగు మాటల్లో. ఇక్కడ తెలుగు కొత్తగా వచ్చింది కాదు. బస్తరు రాజవంశానికి మూలపురుషుడైన అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయుల ఇంటివాడని, ప్రతాపరుద్రుడి తమ్ముడని ఆ వంశచరిత్ర చెబుతుంది. కోంటా, భోపాలపట్నం వైపు వెళితే సంతలో తెలుగు మామూలుగా వినిపిస్తుంది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. ఆ దారినే బచేలి, కిరండూల్ టౌన్‌షిప్పులకు ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలు వచ్చాయి. వాళ్ల వెనకే వ్యాపారులు, టీచర్లు, బ్యాంకుల వాళ్లం వచ్చాం. పొద్దున్నే కిరండూల్‌లో కదిలి అరకు లోయ దిగి రాత్రికి విశాఖ చేరే ప్యాసింజరే చాలాకాలం మాకూ సొంతూరికీ మధ్య ఉన్న తాడు. 2020లో జగదల్‌పూర్ నుంచి హైదరాబాదుకు విమానం మొదలయ్యాక పరిస్థితి కొంత మారింది.

ఇలాంటి చోట పెరిగిన పిల్లలకు విదేశీ చదువులో కొన్ని ఇబ్బందులు హైదరాబాద్ పిల్లలకు లేనివి ఉంటాయి. అలాగే వాళ్లకు లేని బలం ఒకటి ఉంటుంది. ఇబ్బందుల్లో మొదటిది తాకట్టు.

మన దేశంలో బ్యాంకులన్నీ విద్యారుణాలకు అనుసరించే నమూనా పథకాన్ని ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో తయారుచేసింది. తర్వాత ఎన్నో మార్పులు జరిగినా ఎముకల గూడు అదే. 4 లక్షలు దాటిన అప్పుకు, విదేశీ చదువైతే, ఖర్చులో 15 శాతం మన చేతి నుంచి పెట్టుకోవాలి. దీన్నే మార్జిన్ అంటాం. 7.5 లక్షల లోపు అప్పుకు ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది కాబట్టి తాకట్టు అడగరు. అది దాటితే మామూలుగా స్థిరాస్తి అడుగుతారు. పేరున్న విశ్వవిద్యాలయాల జాబితా ఒకటి పెట్టుకుని వాటిలో సీటు వస్తే తాకట్టు లేకుండా పెద్ద మొత్తం ఇచ్చే పథకాలు కొన్ని బ్యాంకుల్లో ఉన్నాయి. ఆ జాబితాలో మన పిల్ల కాలేజీ ఉందో లేదో దరఖాస్తు పెట్టకముందే చూసుకోవాలి, సీటొచ్చాక కాదు.

టౌన్‌షిప్ కుటుంబం ఉండేది కంపెనీ క్వార్టర్‌లో. మన స్టాఫ్ ఉండేది బ్యాంకు లీజు ఇంట్లో. తాకట్టు పెట్టే ఇల్లు విజయనగరం జిల్లాలోనో, శ్రీకాకుళంలోనో ఉంటుంది. బ్రాంచి ఛత్తీస్‌గఢ్‌లో, ఆస్తి ఆంధ్రలో. లీగల్ ఒపీనియన్ అక్కడి ప్యానెల్ లాయరు ఇవ్వాలి, వాల్యుయేషన్ అక్కడి ఇంజినీరు చేయాలి, ఈసీ అక్కడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రావాలి. కాగితాలు అటూ ఇటూ తిరిగేసరికి నెలన్నర పడుతుంది. ఇల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ఆ నెలన్నర కాస్తా ఆరు నెలలవుతుంది. బాబాయిలు, మేనత్తలు అందరూ సంతకాలు పెట్టాలి. అంతవరకు ఎవరూ ఎత్తని పంపకాల మాట అప్పుడు లేస్తుంది. లోను ఫైలు ఇన్ని కుటుంబాల్లో ఇన్ని పాత సంగతులు తవ్వడం నేను బస్తరులోనే చూశాను. కాబట్టి పిల్ల ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగానే ఇంటి కాగితాలు సరిచేసుకోవడం మొదలుపెట్టాలి. విదేశీ చదువుకు మొదటి ప్రవేశపరీక్ష అదే అనుకోండి.

ఆదివాసీ కుటుంబాలకు ఈ సమస్య మరో రూపంలో వస్తుంది. బస్తరు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. ఆదివాసీల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా గట్టి చట్టాలున్నాయి, ఉండాల్సిందే. అయితే ఎకరాల కొద్దీ పొలం ఉన్న గోండు రైతు కూడా పెద్ద విద్యారుణానికి దాన్ని తాకట్టుగా చూపడం ఆచరణలో కష్టం. వాళ్లకు వేరే దారి ఉంది, కింద చెబుతాను.

ఇప్పుడు లెక్క. ఇది కాస్త నిదానంగా చూడాలి.

రెండేళ్ల ఎమ్మెస్ కోసం 30 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. రేటు బ్యాంకును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది, లెక్క తేలిక కోసం 10 తీసుకున్నాను. డబ్బు ఒకేసారి విడుదల కాదు. ఆరు నెలలకోసారి 7.5 లక్షల చొప్పున నాలుగు విడతల్లో వెళుతుంది. చదువుకాలం, దాని మీద ఒక ఏడాది కలిపి మారటోరియం. అంటే మూడేళ్లపాటు ఈఎంఐ ఉండదు. ఈఎంఐ లేదన్న మాట నిజం, వడ్డీ లేదనుకుంటే పొరపాటు. ఈ మూడేళ్లూ సాధారణ వడ్డీ లెక్కలో పడుతూనే ఉంటుంది. మొదటి విడత మీద మూడేళ్లకు 2.25 లక్షలు, చివరి విడత మీద ఏడాదిన్నరకు లక్షా పన్నెండు వేల చిల్లర, మధ్య రెండింటి మీద పడేది కూడా కలిపితే మొత్తం 6.75 లక్షలు. మారటోరియం అయ్యేనాటికి బాకీ 36.75 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 48,600 రూపాయలు. పదిహేనేళ్లకు పెట్టుకుంటే 39,500. నెలకు తొమ్మిది వేలు తగ్గిందని సంతోషిస్తాం గానీ, మొత్తం కట్టేది 58 లక్షల నుంచి 71 లక్షలకు పెరుగుతుంది.

అదే మారటోరియంలో నెలనెలా వడ్డీ కట్టేస్తే? మొదటి ఆరు నెలలు నెలకు 6,250. తర్వాతి ఆరు నెలలు 12,500. ఆపైన 18,750. నాలుగో విడత వెళ్లాక 25,000. ఇలా కట్టగలిగితే అసలు 30 లక్షల దగ్గరే ఆగుతుంది, పదేళ్ల ఈఎంఐ 39,600 దగ్గరికి దిగుతుంది. పదేళ్ల మొత్తం మీద నాలుగు లక్షల దాకా ఆదా. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. చదువు ముగిసి ఉద్యోగం వెతుక్కునే పిల్ల మీద నెలకు తొమ్మిది వేల భారం తగ్గుతుంది.

ఈ లెక్కకు పక్కన మరో రెండు తేదీలు రాసుకోవాలి. ఒకటి తండ్రి లేదా తల్లి రిటైర్మెంటు తేదీ. 2010 ఏప్రిల్ 1కి ముందు చేరినవాళ్లకు పెన్షన్ ఉంది, తర్వాత చేరినవాళ్లది ఎన్‌పీఎస్. ఇద్దరి లెక్కలూ ఒకటి కావు. మారటోరియం ముగిసే నెలకు ఇంట్లో ఎవరి జీతం నడుస్తూ ఉంటుందో చూడకుండా సహ రుణగ్రహీతగా సంతకం పెట్టకూడదు. రెండోది ఇంట్లో రెండో బిడ్డ కాలేజీలో చేరే ఏడాది.

డాలరు సంగతీ మరిచిపోవద్దు. 2014 మధ్యలో డాలరు 60 రూపాయల దగ్గర ఉండేది. 2024 చివరికి 85 దాటింది. లోను మంజూరయ్యేది రూపాయల్లో, ఫీజు కట్టేది డాలర్లలో. ఇంకా కట్టాల్సింది 40 వేల డాలర్లుంటే, డాలరు ఐదు రూపాయలు పెరిగిందంటే 2 లక్షలు తక్కువ పడుతుంది. ఆ రెండు లక్షలు చివరి సెమిస్టరు ముందు తెలుస్తుంది, అప్పుడు చేబదుళ్ల కోసం పరుగులు. మంజూరు సమయంలోనే పది శాతం ఎక్కువకు అడిగి ఉంచుకుని, అవసరం లేకపోతే తీసుకోకుండా వదిలేయడం మంచిది. తీసుకోని డబ్బుకు వడ్డీ లేదు కదా.

పన్ను విషయం రెండు ముక్కల్లో. విద్యారుణం మీద కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్లపాటు మినహాయింపు ఉంది. పరిమితి లేదు, పిల్లల చదువుకు అప్పు చేసిన తల్లిదండ్రులూ వాడుకోవచ్చు. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానానికి మారితే అది పోతుంది. ఇక విదేశానికి పంపే డబ్బు మీద వసూలు చేసే టీసీఎస్ బ్యాంకు విద్యారుణంతో పంపే ఫీజుకు 2025 ఏప్రిల్ 1 నుంచి లేదు. సొంత డబ్బైతే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తానికే పడుతుంది, అదీ రిటర్నులో సర్దుబాటవుతుంది. మరొక చిన్న సంగతి, చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో ఆడపిల్లల విద్యారుణానికి వడ్డీలో అర శాతం రాయితీ ఉంది. విద్యార్థి పేరు మీద లోనుతో ముడిపెట్టిన జీవిత బీమా తీసుకోమని చెబితే కొందరు అపశకునంగా భావించి వద్దంటారు. నేను ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెప్పేవాణ్ణి.

ఏ దేశానికి వెళ్లాలన్నది లెక్కతో పాటు మారుతుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. దాని బదులు ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపాలి, 2024లో అది 11,904 యూరోలయింది, నెలకు 992 చొప్పున తీసుకోవచ్చు. జర్మన్ భాష రాకపోతే మాత్రం చదువయ్యాక ఉద్యోగం దగ్గర చిక్కు. కెనడా ఖర్చుల కోసం చూపించాల్సిన మొత్తాన్ని 2024 జనవరి నుంచి 10 వేల కెనడా డాలర్ల నుంచి ఒక్కసారిగా 20,635కు పెంచింది. బ్రిటన్ అదే నెల నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు జీవితభాగస్వామిని, పిల్లల్ని వెంట తెచ్చుకోవడం ఆపింది. నియమాలు ఇలా చదువు మధ్యలోనే మారుతుంటాయి. రెండేళ్ల కిందట అన్నయ్య వెళ్లినప్పటి నియమాలు తమ్ముడికి పనికిరావు. వీసా సలహా కోసం ఎవరి దగ్గరికి వెళ్లినా, ఆ దేశ ప్రభుత్వం పెట్టిన సమాచారాన్ని ఇంట్లో ఒకరు స్వయంగా చదవాలి.

పార్ట్‌టైమ్ పని గురించి. ఇంట్లోవాళ్లకు దీని మీద లేనిపోని ఆశలుంటాయి. "అక్కడికెళ్లాక పనిచేసుకుని తన ఖర్చు తానే చూసుకుంటాడు" అంటారు. అమెరికాలో చదువు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి విద్యార్థికి 20 గంటలు, కెనడాలో 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు. లైబ్రరీలోనో, మెస్సులోనో ఆ పని దొరికితే తిండి ఖర్చు, ఫోను ఖర్చు వెళ్లవచ్చు, ఫీజు మాత్రం వెళ్లదు. క్యాంపస్ బయట పెట్రోలు బంకులోనో, హోటల్లోనో చేతికి నగదిచ్చే పని అమెరికాలో విద్యార్థి వీసాకు విరుద్ధం. పట్టుబడితే చదువు, వీసా రెండూ పోతాయి. అప్పు మాత్రం మిగులుతుంది.

తెలుగువాళ్లకు ఈ పాఠం రెండుసార్లు గట్టిగానే తగిలింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేశారు. వెయ్యికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది మనవాళ్లు, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే ఎక్కువ. కొందరి కాలికి రేడియో పట్టీలు కట్టడం అప్పట్లో పెద్ద వార్త. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే వలగా నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. అది అధికారిక జాబితాలో కూడా ఉండేది కాబట్టి, జాబితాలో పేరుంది అన్న ఒక్క ధైర్యం చాలదు. అక్కడ తరగతులు లేవు, పాఠం చెప్పేవారు లేరు. ఫీజు కడితే చాలు, ఎక్కడైనా పనిచేసుకోవచ్చు అన్న కాలేజీ ఏదైనా సరే, వెళ్లే ముందే ఆ మాట దగ్గర ఆగిపోవాలి.

ఇక అక్కడి చదువు, బతుకు. మా ప్రాంతం నుంచి వెళ్లిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు చెప్పినవాటిలో కొన్ని దాదాపు అందరి నోటా వినిపించేవి. మొదటిది, ఇక్కడ పరీక్ష ఏడాది చివర వస్తుంది, అక్కడ ప్రతివారం వస్తుంది. వారం వారం అసైన్‌మెంట్లు, వాటికి మార్కులు. ఒక పుస్తకంలోని వాక్యాన్ని ఎక్కడినుంచి తీసుకున్నామో చెప్పకుండా రాస్తే దొంగతనం కింద లెక్క. స్నేహితుడి అసైన్‌మెంటు చూసి రాయడం ఇక్కడ సాయం, అక్కడ క్రమశిక్షణ విచారణ. ఈ ఒక్క విషయం వెళ్లే ముందు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి. రెండోది, ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవడం. మొదటి నెల నాలుక తిరగదు. వారంలో ఫలానా గంటల్లో వచ్చి అడగండి అని ప్రొఫెసర్ సమయం ఇస్తారు. మన పిల్లలు మొహమాటపడి వెళ్లరు. వెళ్లినవాళ్లకే తర్వాత రిసెర్చ్ అసిస్టెంటు పని, సిఫారసు ఉత్తరం దొరుకుతాయి.

బస్తరు పిల్లల బలం అన్నాను కదా. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో హల్బీ, బడిలో ఇంగ్లీషు. చిన్నప్పటినుంచి ఎప్పుడూ ఏదో ఒక చోట తాము బయటివాళ్లే. కొత్తచోట మాట కలపడం వాళ్లకు ఆటలాంటిది. విచిత్రంగా, వాళ్లకు అక్కడ మొదటి ఇబ్బంది తెలుగువాళ్ల మధ్యే వస్తుంది. టెక్సస్‌లోనో, న్యూజెర్సీలోనో నలుగురు తెలుగు పిల్లలున్న గదిలో చేరితే, "మీదే జిల్లా?" అన్నది మొదటి ప్రశ్న. జగదల్‌పూర్ అంటే అదెక్కడ అంటారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాట్సాప్‌లో తెలుగు అక్షరాల్లో వచ్చిన సరుకుల జాబితా చూసి తెల్లమొహం వేస్తారు. ఒకమ్మాయి అక్కడికి వెళ్లాకే అమ్మ చేత ఫోన్‌లో అక్షరాలు దిద్దించుకుందట. మరో కుర్రాడు ఇవేవీ వద్దనుకుని ఒక ఒడియా, ఒక నేపాలీ, ఒక నైజీరియా విద్యార్థితో గది పంచుకున్నాడు. వాడి ఇంగ్లీషు ఏడాదిలో మారిపోయిందని వాళ్ల నాన్న గర్వంగా చెప్పేవారు. పప్పు మాత్రం వాడే వండాల్సి వచ్చేది.

వంట రాకుండా పిల్లల్ని పంపకండి, మగపిల్లల్నైతే మరీను. పచ్చడి సీసాలు సర్దేటప్పుడు ఆ దేశపు కస్టమ్స్ నియమం చూడండి. ఆస్ట్రేలియాలో తినుబండారాలన్నీ దిగగానే రాసిచ్చి చూపించాలి, దాచితే జరిమానా.

డబ్బు కంటే ఎక్కువగా బాధపెట్టేది మొదటి చలికాలమని చాలామంది చెప్పారు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి, గదిలో ఎవరి పని వారిది, ఇక్కడ మనకు తెల్లవారుతుంటే అక్కడ పడుకునే వేళ. ఆ సమయానికి ఫోను చేసి "ఇంటర్న్‌షిప్ వచ్చిందా? ఫలానావాళ్లబ్బాయికి వచ్చిందట" అనడం ఇంటివాళ్లు చేసే పెద్ద పొరపాటు. అప్పు మనమే చేశామన్న బరువు వాళ్ల మీద ముందే ఉంటుంది. ఏం వండుకున్నావు, మంచు పడిందా అని అడగండి చాలు. అక్కడి కాలేజీల్లో కౌన్సెలింగ్ సేవ ఉంటుంది, చాలాచోట్ల విద్యార్థులకు ఉచితం. దాన్ని వాడుకోవడం రికార్డులో మచ్చ కాదు. పాస్‌పోర్టు పోయినా, ఇంటి యజమాని మోసం చేసినా, ఆసుపత్రి పాలైనా, మన విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే అక్కడి రాయబార కార్యాలయానికి చేరుతుంది. ఈ పేరు ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

మన తెలుగువాళ్లలో విదేశీ చదువు చరిత్ర తలచుకుంటే యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన 1920లలో హార్వర్డ్‌కు వెళ్లడానికి మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం కావలసి వచ్చాయి. డాక్టరు చదువు చదివినవాడు బోస్టన్‌లో ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు, మళ్లీ స్వదేశానికి రాలేదు. ఆయన పేరు గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఇంట్లో ఎదురుచూసినవాళ్ల సంగతి ఆ కథలో తక్కువ వస్తుంది.

వైద్యవిద్య కోసం బయటికి వెళ్లేవాళ్ల సంగతి వేరు. నీట్ పాసవ్వకుండా విదేశంలో ఎంబీబీఎస్ చదివితే ఇక్కడ ప్రాక్టీసుకు అర్హత రాదు. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నియమాల ప్రకారం చదువు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషులో జరగాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో డాక్టరుగా పనిచేసే అర్హత రావాలి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఆ పరీక్షలో తప్పేవాళ్లే ఎక్కువ. ఏజెంటు చూపించే రంగుల కరపత్రంలో ఇవి ఉండవు. ఆరేళ్ల చదువు, పరీక్ష, ఇంటర్న్‌షిప్ కలిపి ఎనిమిదేళ్ల లెక్క వేసుకుని, అప్పుడు తండ్రి రిటైర్మెంటు తేదీతో పోల్చి చూడండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు ఆపరేషన్ గంగ పేరుతో మన ప్రభుత్వం వేలమంది విద్యార్థుల్ని వెనక్కి తెచ్చింది. పిల్లలు క్షేమంగా వచ్చారు, చదువు మధ్యలో ఆగింది, అప్పు ఖాతాలు తెరిచే ఉన్నాయి. అలాంటి సమయంలో చేయాల్సింది ఒకటే, వెంటనే బ్రాంచికి వచ్చి మాట్లాడటం. కట్టాల్సిన వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, సహ రుణగ్రహీతైన తల్లిదండ్రుల సిబిల్ కూడా దెబ్బతింటుంది. ముందే వచ్చినవాళ్లకు చేయగలిగినంత సాయం తర్వాత వచ్చినవాళ్లకు చేయలేం.

ఆదివాసీ విద్యార్థులకు వేరే దారి ఉందన్నాను. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ అది. మాస్టర్స్, పీహెచ్‌డీ, ఆపై పరిశోధన కోసం. దేశం మొత్తానికి ఏడాదికి 20 మాత్రమే. 17 షెడ్యూల్డ్ తెగలకు, 3 ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహాలకు. బస్తరులోని అబూజ్‌మాడియాలు ఆ సమూహాల్లో ఒకరు. ట్యూషన్ ఫీజు, విమాన ఛార్జీలు, ఏడాదికి 15,400 డాలర్ల నిర్వహణ ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది, తిరిగి కట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు మించకూడదు. షెడ్యూల్డ్ కులాల వారికి సామాజిక న్యాయ శాఖ ఇలాంటి పథకాన్నే నడుపుతోంది, అందులో 125 సీట్లు. తెలంగాణలో అంబేడ్కర్ విదేశీ విద్యానిధి ఉంది, అర్హులకు 20 లక్షల వరకు ఇస్తారు. అయితే స్థానికత తెలంగాణది కావాలి. బస్తరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇక్కడే అటూ ఇటూ కాకుండా పోతారు. ఎక్కడ చదివారో, కుల ధృవీకరణ పత్రం ఏ రాష్ట్రానిదో ముందే తేల్చుకోవాలి.

ఇరవై సీట్లు మరీ తక్కువని నా అభిప్రాయం. బస్తరు మురియాల గురించి ప్రసిద్ధమైన పుస్తకాన్ని 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న వెరియర్ ఎల్విన్ రాశాడు. ఆ మురియాల ఇంటి పిల్ల ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి చదువుకుని రావడానికి ఇప్పుడు కనీసం ఒక దరఖాస్తు ఫారం ఉంది. దాని సంగతి బ్రాంచికి వచ్చే ఆదివాసీ ఖాతాదారులకు చెప్పడానికి మనకు అయిదు నిమిషాలు పడుతుంది.

మా బ్రాంచి హెడ్ క్యాషియరు కథ చెప్పి ముగిస్తాను, ఆయన అనుమతితోనే. పెద్దమ్మాయి రాయపూర్‌లో ఇంజినీరింగ్ చేసింది. అమెరికాలో సీటొచ్చేనాటికి ఆయనకు నాలుగేళ్ల సర్వీసు ఉంది. విజయనగరం దగ్గర ఇల్లు తాతగారి పేరు మీదే ఉంది. ఇద్దరు తమ్ముళ్లలో ఒకాయన సంతకానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాది వెళ్లలేకపోయింది. కాలేజీని అడిగి సీటు ఏడాది వాయిదా వేయించుకుని హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. ఇంట్లో రెండు నెలలు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదట. చివరికి తమ్ముడి వాటాకు డబ్బిచ్చి పంపకం రిజిస్టరు చేయించారు. ఆ అమ్మాయి కూడబెట్టిన కొద్దిపాటి డబ్బుతో 30 లక్షల అప్పు 22కు తగ్గింది. కాని ఏడాది ఆలస్యంతో, మారటోరియం సరిగ్గా ఆయన రిటైరయ్యే నెలలోనే ముగిసేలా వచ్చింది. మేమిద్దరం టేబుల్ మీద కాగితం పెట్టుకుని మూడు సాయంత్రాలు లెక్కలు వేశాం. నెలనెలా వడ్డీ కట్టేయాలని ఆయన నిర్ణయించుకున్నారు. కారు కొనాలన్న ఆలోచన మానేశారు.

అమెరికాలో చదువయ్యాక ఓపీటీ పేరుతో ఒక ఏడాది పనిచేసే అవకాశమిస్తారు, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు మరో రెండేళ్లు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజుల కంటే ఎక్కువ ఖాళీగా ఉండకూడదు. ఆ అమ్మాయికి చదువు ముగిసిన నాలుగో నెలలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది, అనుకున్న జీతం కంటే తక్కువకు. ఆయన రిటైర్మెంటు సభ జరిగిన మరుసటి నెల మొదటి ఈఎంఐ ఆమె పంపిన డబ్బులోంచే కట్టారు. రెండో అమ్మాయి జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ సీటు కోసం నీట్‌కు చదువుతోంది. విజయనగరం ఇంటి కాగితాలు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉన్నాయి.